హద్దు రాళ్ళు పాతాక ఒక గంట

మా సోషల్ సారు పోయారు. పోయిన నెలలో ఒక గురువారం పొద్దున కాఫీ తాగి, పేపరు చేత్తో పట్టుకుని, కుర్చీలోనే తల వాల్చేశారట. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, అదొక్కటే నయమని అందరూ అన్నారు. కారంపూడిలో ఎరువుల కొట్టు నడిపే నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "సారు పోయారే. మూడింటికి తీసుకుపోతారంట. బయల్దేరు" అని చెప్పింది. అప్పుడు నేను నూజెండ్ల మండలంలో ఒక మిరప చేలో నిలబడి ఉన్నాను. సరేనన్నాను. కానీ మూడింటికి వెళ్ళలేదు. చీకటి పడే వేళకి చేరాను. అప్పటికి ఆయన ఇంట్లో లేరు, కుర్చీ మాత్రం కడిగి అరుగు మీద ఆరబెట్టి ఉంది.

ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, ఆ సారు లేకపోతే నువ్వెక్కడ ఉండేదానివో గుర్తు తెచ్చుకో అని మెసేజ్ పెట్టాడు. గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, నాకు బాగా తెలుసు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర తట్ట మోస్తూ ఉండేదాన్ని. ఆ మెసేజ్‌కి గ్రూపులో జవాబు ఇవ్వలేదు. ఇక్కడ రాస్తున్నాను. మంచి జవాబో కాదో చదివినవాళ్ళు తేల్చుకోవచ్చు.

మా అమ్మా నాన్నా ఆ బట్టీల్లోనే పనిచేసేవాళ్ళు. తొమ్మిదో తరగతి అయ్యాక, పదో తరగతి ఒక్కటీ నా దగ్గరుండి చదవనీ అని మా మేనమామ నన్ను వాళ్ళ ఊరు తీసుకుపోయాడు. కారంపూడికి దగ్గర్లో ఒక ఊరు. పేరు రాయను, ఆ బడి మీద నాకు ఇప్పుడు కోపమేమీ లేదు. బళ్ళు తెరిచిన నెల తర్వాత చేరాను కాబట్టి నాకు స్నేహితులు లేరు, బెంచీ మీద చోటు కూడా సగమే.

సారు పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, సుద్దముక్కలు ఉండేవి. బోర్డు మీద భారతదేశం పటం వేస్తే అందరిలాగా కాశ్మీరు నుంచి మొదలుపెట్టేవారు కాదు. ముందు కృష్ణ గీసేవారు, దాని పక్కన మాచర్ల, గురజాల చుక్కలు పెట్టేవారు, ఆ తర్వాత మిగతా దేశం. "మనమెక్కడున్నామో తెలీకుండా ఢిల్లీ ఎక్కడుందో ఏం చెబుతాం" అనేవారు. ఆ లెక్కన మా పటంలో పల్నాడు కొంచెం పెద్దగానే ఉండేది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు ఒకసారి నవ్వితే, ఈ పిల్లలకి ఇదే పెద్ద సార్ అన్నారట.

స్వాతంత్ర్యం పాఠం వస్తే ఆయన గొంతు మారేది. పెద్దది కాదు, చిన్నదయ్యేది. తెల్లోళ్ళు పోయారన్నది ఒక పాఠం, ఎలా పోయారన్నది ఇంకో పాఠం, మీ పుస్తకంలో మొదటిదే ఉంది అనేవారు. యుద్ధం గెలిచి చితికిపోయిన దేశం, లండన్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం, బొంబాయిలో తిరగబడ్డ నావికులు, ఏళ్ళ తరబడి జైళ్ళు నింపిన మన జనం, అన్నీ వరసగా బోర్డు మీద రాసేవారు. వచ్చే ఏడు జూన్ లోపల పోతామని చెప్పినవాళ్ళు ఈ ఏడు ఆగస్టుకే ఎందుకు తొందరపడ్డారో మమ్మల్నే అడిగేవారు. స్వాతంత్ర్యం వాళ్ళిచ్చారని కొందరంటారు, మనం లాక్కున్నామని కొందరంటారు, పరీక్షలో రెండూ రాసి కారణాలు చెప్పండి, నాలుగు మార్కులు ఎక్కడికీ పోవు అనేవారు. తెల్లోళ్ళని తిట్టడానికి ఉత్సాహపడే మగపిల్లల్ని మాత్రం కూర్చోబెట్టేవారు. తిట్టడం పాఠం కాదు, కనుక్కోవడం పాఠం అని ఆయన పట్టు.

ఒక ప్రశ్న ప్రతి ఏడూ అడిగేవారట. ఆగస్టు పదిహేను పొద్దున మాచర్ల వైపు ఒడ్డున జెండా ఎగిరింది. కృష్ణ అవతల ఇంకో ఏడాది పైన నిజాం ఏలుబడే. "అవతలి ఒడ్డున మీ మేనత్త ఉంది. ఆ పొద్దున ఆమె ఏ దేశంలో ఉన్నట్టు?" మాలో సగం మందికి నిజంగానే అవతల మేనత్తలుండేవాళ్ళు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఆయనా చెప్పలేదు. పోయేవాళ్ళు రాజులకి మీ ఇష్టం మీది అని చెప్పి పోయారు, మేనత్తని ఎవరూ అడగలేదు అని మాత్రం అన్నారు.

తర్వాత విభజన దగ్గరికి వచ్చారు. ఆ గీత గీయడానికి లండన్ నుంచి ఒక లాయరుని పిలిపించారు. ఆయన అంతకు ముందు ఈ దేశం మొహం చూడలేదు. అయిదు వారాల టైమిచ్చారు. ఆయన పటాలు ముందేసుకుని గీత గీసి, కాయితాలు తగలబెట్టి, విమానమెక్కి పోయాడు. మళ్ళీ జన్మలో ఇటు రాలేదు. ఇదంతా సారు మామూలుగానే చెప్పారు. మేము మామూలుగానే విన్నాం. వెనక బెంచీలో ఒకడు ఆవలించాడు. ఆ ఆవలింతే మా కొంప ముంచిందని నా అనుమానం. ఎందుకంటే సారు సుద్దముక్క జేబులో వేసుకుని, ఈ బళ్ళోకి అందరికంటే కొత్తగా వచ్చిందెవరు అని అడిగారు. అందరూ నా వైపు తిరిగారు.

నన్ను స్టాఫ్‌రూమ్‌కి తీసుకుపోయి కూర్చోబెట్టారు. తెల్లకాయితం మీద నాలుగు గీతల పెట్టె గీసి, ఇది మన బడి, ఏ సెక్షన్‌కీ బీ సెక్షన్‌కీ సమానంగా పంచు, బెల్లు కొట్టేదాకా టైముంది, బయటికి పోయి చూడకూడదు అన్నారు. నేను ఆ బళ్ళో చేరి పదకొండు రోజులైంది. గేటు నుంచి క్లాసుకి దారి తప్ప నాకేమీ తెలియదు. స్కేలు పెట్టి నడిమధ్యలో నిలువుగా ఒక గీత లాగాను. ఎంత తిన్నగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. సారు అదే కొలతకి బడి ఆవరణలో ముగ్గు పోయించారు. "నేను చెప్పిందాకా గీత గీతే. అవతలికి పోవాలంటే అవతలివాళ్ళని అడిగి పోవాలి. రేపు దీని గురించి మాట్లాడుకుందాం" అన్నారు. రెండు సెక్షన్లూ చప్పట్లు కొట్టాయి.

ముగ్గు పోశాక చూస్తే నీళ్ళ కుళాయిలూ వేపచెట్ల నీడా మా ఏ సెక్షన్ వైపు పడ్డాయి. ఆడపిల్లల బాత్‌రూములు బీ సెక్షన్ వైపు పడ్డాయి.

మర్నాడు సారు రాలేదు. ఓటర్ల జాబితా పని మీద నరసరావుపేటలో ట్రెయినింగని ముందురోజు సాయంత్రం కబురొచ్చిందట, తెల్లవారి బస్సుకే వెళ్ళిపోయారు. మిగతా టీచర్లు సోషల్ సారు ఏదో పాఠం పెట్టాడంట అనుకుని ఊరుకున్నారు. మొదటి రోజంతా నవ్వులే. రెండో రోజు గీత దగ్గర కాపలావాళ్ళు వచ్చారు, చీటీ ఉంటేనే దాటాలన్నారు. మూడో రోజు బీ సెక్షన్ పిల్లలకి మధ్యాహ్నం దాకా నీళ్ళు లేవు, మా సెక్షన్ ఆడపిల్లలు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని కూర్చున్నారు. ముగ్గు చెరిగిపోతే పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ పోసేవాళ్ళు. వాళ్ళకి ఆ పని ఎవరూ చెప్పలేదు. ఏ సెక్షనుదాన్ని కాబట్టి కావాలనే కుళాయిలు మావైపు లాక్కున్నానని బీ సెక్షన్ వాళ్ళు తిట్టారు. బాత్‌రూములు అవతలికి పోగొట్టానని మా సెక్షన్ ఆడపిల్లలు తిట్టారు. ఇద్దరికీ నేనే దొరికాను.

నాలుగో రోజు బీ సెక్షన్ పిల్లవాడొకడు నీళ్ళ కోసం గీత దూకాడు. ఎవరో తోశారు. కుళాయి గట్టు అంచు నుదుటికి కొట్టుకుని కుట్లు పడ్డాయి. వాళ్ళ నాన్న పదిమందిని వెంటేసుకుని బడికి వచ్చాడు. ఈ గీత గీసిందెవరని హెడ్మాస్టరు గారు అడిగితే రెండు సెక్షన్ల పిల్లలూ అన్నాళ్ళకి మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చి నన్ను చూపించారు. ఆయన నన్ను గేటు బయట నిలబెట్టారు. అత్తయ్య రచ్చ చేయలేదు కానీ, వచ్చి నెల కాలేదు ఊళ్ళో పేరు మోగిపోయింది అంది. సాయంత్రం బస్సెక్కి పిడుగురాళ్ళ వచ్చేశాను. ఇంక చదవనన్నాను. అమ్మ ఎందుకని అడగలేదు. మర్నాడు ఇంకో తట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

ఆదివారం సారు బట్టీ దగ్గరికి వచ్చారు. అక్కడ మనిషీ చెట్టూ లారీ అన్నీ తెల్లగానే ఉంటాయి కాబట్టి ముందు పోల్చుకోలేకపోయాను. పోల్చుకున్నాక రాళ్ళగుట్ట వెనక్కి పోయి దాక్కున్నాను. మా నాన్న ఆయన్ని చూసి తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోడు. సారు ఒక రాయి మీద కూర్చుని, నాకు వినపడేటట్టే చెప్పారు.

"తప్పు నాదండీ. పిల్ల చేత గీత గీయించింది నేను. గీయించి, ఒక్క మాట చెప్పకుండా పోయింది నేను."

"అయ్యా, పెద్దోళ్ళు మీరు అట్టా అనకూడదు" అన్నాడు మా నాన్న.

"పెద్దోళ్ళు అనకపోబట్టే ఇంతదాకా వచ్చింది" అన్నారు సారు.

మా నాన్నతో ఎవరైనా అండీ అని మాట్లాడటం నేను వినడం అదే మొదలు. అయినా ఆ రోజు గుట్ట వెనక నుంచి రాలేదు. పంతం. సారు నేను పోగొట్టుకున్న పాఠాలు తన చేత్తో రాసి తెచ్చి, అమ్మకిచ్చి వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చారు. ఈసారి ఎదురుగా పోయి నిలబడ్డాను. అడగాల్సింది వారం రోజులుగా తట్టతోపాటు మోస్తున్నాను. మీరెందుకు చెప్పకుండా పోయారని అడిగాను.

ఆయన ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆర్డరు రాత్రికి రాత్రి వచ్చిందనొచ్చు, బస్సు టైమైందనొచ్చు. "మర్చిపోయానమ్మా" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "పోయేవాడికి అది నిన్నటి పని. ఉండేవాళ్ళకి రేపటి బతుకు. ఈ సంగతి నేను ఇరవై ఏళ్ళు చెప్పాను. నాకు తెలిసింది మాత్రం ఇప్పుడే" అన్నారు.

ఆ మాటకి నా పంతం దిగింది. మర్చిపోయాను అని ఒప్పుకున్న పెద్దవాళ్ళని అంతకు ముందు నేను చూడలేదు. ఆ తర్వాతా ఎక్కువమందిని చూడలేదు.

సోమవారం రెండు సెక్షన్లనీ ఒకచోట కూర్చోబెట్టారు. నుదుటికి పట్టీ వేసుకున్న పిల్లవాడు ముందు వరసలో ఉన్నాడు. వాడికీ నాకూ అందరి ముందే క్షమాపణ చెప్పారు. తెల్లోళ్ళ గురించి పాఠం చెప్పబోయి నేను వాళ్ళు చేసిన పనే చేశాను అన్నారు. పిల్లలు నవ్వాలా వద్దా తెలియక ఊరుకున్నారు. ఇంతలో ఇంకో మాట అన్నారు. "నేను లేను సరే. చెరిగిపోయిన ముగ్గు రోజూ మళ్ళీ పోసిందెవరు? దాని గురించి కూడా ఎవరైనా చెప్తారా?" తల దించుకున్నవాళ్ళలో నేను లేను, ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కొంచెం గర్వం. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ ఆట ఆడించలేదు. కానీ ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ తన పొరపాటు కథ మా పేర్లు లేకుండా చెప్పేవారట. నా వెనకాల చదివినవాళ్ళు పెళ్ళిళ్ళలో కనిపించి, మధ్యలో గీత లాగింది నువ్వేనా అక్కా అని అడిగేవాళ్ళు.

ఆ ఏడంతా సాయంత్రాలు వాళ్ళింట్లోనే చదువుకున్నాను. సారు వాళ్ళావిడని మేమంతా అమ్మగారూ అనేవాళ్ళం. ఆవిడ మాట కరుకు, చేయి ధారాళం. సుద్ద అంటుకున్న జేబులు ఉతకలేక ఒక్కో రోజు చొక్కా తీసుకొచ్చి మా ముందే ఆయన మీద పడేసేది. ఊరందరి పిల్లలూ నీకు గుర్తుంటారు, ఇంట్లో పప్పు అయిపోయిందని గుర్తుండదు అనేది. ఆయన నవ్వి సంచీ పట్టుకుని బయల్దేరేవారు, దారిలో ఎవరో కలిసి మాటల్లో పడేవారు, పప్పు లేకుండానే వచ్చేవారు. నాకు మాత్రం పక్కింటి నుంచి అప్పు తెచ్చిన పప్పుతోనైనా అన్నం పెట్టేది.

చదివి, ఐటీఐలో సర్వే కోర్సు చేసి, ఎన్నో పరీక్షలు తప్పి, చివరికి గ్రామ సర్వేయరునయ్యాను. ఉద్యోగం వచ్చిందని చెబితే సారు పగలబడి నవ్వారు. "నీకు గీతలు గీసే ఉద్యోగమే రావాలా ఏంది" అన్నారు. తర్వాత రీసర్వే పనులు మొదలై, మాకు రోజుకిన్ని ఎకరాలని టార్గెట్లు పెట్టినప్పుడు ఒక ఆదివారం వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాను. శాటిలైట్‌తో కొలిచే కర్ర చేతికిచ్చారు, దాన్ని రోవర్ అంటాం, కొలత వేలెడు కూడా తేడా రాదు. కానీ రాళ్ళు పాతి ఇవతలికి రాగానే అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు, నా గీత తప్పు కాదు సార్ అన్నాను. ఆయన రోవర్ చూడాలన్నారు. చూపిస్తే అటూ ఇటూ తిప్పి, ఇంత మంచి కర్ర ఆ లాయరు దగ్గర లేదు పాపం అన్నారు.

నవ్వి ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. నీ గీత తప్పని నేనన్లేదు, ఆయన గీత కూడా మరీ అంత తప్పు కాదనేవాళ్ళున్నారు అన్నారు. "ఆయన విమానమెక్కి పోయాడు. నువ్వు రేపు మళ్ళీ అదే బస్సెక్కాలి. రాళ్ళు పాతినాక ఒక గంట అక్కడే కూర్చో. మాట్లాడొద్దు, తీర్పులు చెప్పొద్దు. ఊరికే కూర్చో. రావాల్సిన గొడవ నీ ముందే రానీ."

నవ్వులాటగా మొదలుపెట్టాను. అది నా అలవాటైంది. చివరి రాయి పాతి, మట్టి తొక్కించి, గట్టు మీద తుండు పరుచుకుని కూర్చుంటాను. మొదట్లో రైతులు, మేడమ్ పైసల కోసం కూర్చుందేమో అనుకునేవాళ్ళు. పావుగంట దాకా ఎవరూ మాట్లాడరు. అరగంటకి ఒకరు గొణుగుతారు. ముప్పావుగంటకి అసలు గొడవేమిటో బయటికొస్తుంది, అది సాధారణంగా మూరెడు నేల గురించి కాదు. ఎప్పుడో ఎవరి పెళ్ళికో పిలవకపోవడం, నాన్న చనిపోయేటప్పుడు ఎవరి చేతి నీళ్ళు తాగాడన్నది. అది బయటపడ్డాక రాయి ఎవరూ పీకరు. నా ఏరియాలో పీకిన రాళ్ళు తక్కువని ఆఫీసులో అంటారు. టార్గెట్ కూడా తక్కువే అని మెమో ఇస్తారు.

ఆ గురువారం కూడా అన్నదమ్ముల చేనే. నాకు ముందు వచ్చిన సర్వేయరు రాళ్ళు పాతి వెళ్ళిన సాయంత్రమే కర్రలు లేచాయి, తమ్ముడి కొడుకు చేయి విరిగింది. పండు మిరప కోతకి వచ్చింది, ఈసారి తేలకపోతే ఆ గట్టు పక్క సాళ్ళు ఎవరు కోస్తారన్నదాని మీద ఇంకో చేయి విరిగేదే. ఫోన్ వచ్చేసరికి నాలుగు రాళ్ళు పాతాను, ఇంకా మూడున్నాయి. కళ్ళు తుడుచుకుని మిగతావి పాతించాను. చివరి రాయి అయ్యేసరికి రెండుంపావు. వినుకొండ మీదుగా కారంపూడికి, అక్కడి నుంచి ఊళ్ళోకి ఎంత లేదన్నా రెండు గంటలు. మూడింటికి తీసుకుపోతారన్నారు. ఎలాగూ అందుకోలేను.

అందుకోలేను కదా అనుకుని తుండు పరిచాను. నిజం చెప్పాలి. అందుకోగలనని తెలిసినా కూర్చునేదాన్నేమో, నాకు తెలియదు. ఆ లెక్క చేసుకోవాల్సిన అవసరం రాకుండా మూడు అనే అంకె నన్ను కాపాడిందనుకున్నాను.

ఇరవై నిమిషాలకి అన్న భార్య గడ్డపార తీసుకుని వచ్చింది. మూడో రాయి దగ్గర నిలబడి, ఇది మా మామ నాటిన చోటు కాదు, పీకేస్తాను అంది. తమ్ముడు లేచాడు. నేను లేవలేదు, రాయికి అడుగు దూరంలో ఉన్నాను, అంతే. నన్ను దాటి రావాలి కాబట్టి ఎవరూ రాలేదు. అరుపులు అరగంట సాగాయి. చివరికి అన్న భార్యే గట్టు మీద కూలబడి, మంచాన పడ్డ మామకి ఆఖరి రోజుల్లో ఎత్తి పోసింది నేను, పేపరు మీద నా పేరు ఎక్కడా లేదు అని ఏడ్చింది. తమ్ముడు, అవును వదినే చేసింది అన్నాడు. ఆ ఒక్క మాట ఇన్నేళ్ళు ఎవరూ అనలేదట. గడ్డపార అక్కడే పడి ఉంది. నేను సంచీ సర్దుకుని ఫోన్ తీస్తే ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

బస్సు దిగి సారు ఇంటికి చేరేసరికి మగవాళ్ళు స్మశానం నుంచి వచ్చి స్నానాలు చేసి వెళ్ళిపోయారు. లోపల ఆడవాళ్ళు గోడలకి ఆనుకుని కూర్చున్నారు. అమ్మగారు చాప మీద ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"ఏడున్నావే?" అంది.

చెప్పాను. చేను, రాళ్ళు, అన్నదమ్ములు, గంట. సారు చెప్పిన గంట అని కూడా చెప్పాను. ఆ మాట చెబితే చాలనుకున్నాను. ఆవిడ అంతా విని, "ఆయనైతే మెచ్చుకునేవాడు. నేను మెచ్చుకోను" అంది. "నాలుగున్నర దాకా ఆపించాను. అందరూ తొందరపెట్టారు, పొద్దు పోతోందన్నారు. పిడుగురాళ్ళ పిల్ల రావాలి అని నేనే లేవనియ్యలేదు."

రెండుంపావుకి బయల్దేరి ఉంటే నాలుగుంపావుకి చేరేదాన్ని. ఆవిడ ముందు ఆ లెక్క పైకి అనలేదు. అనకపోయినా ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. నేను చేసింది మంచి పనే. అయినా ఆవిడకి చేసింది తప్పే. ఈ రెండిట్లో ఏదీ రెండోదాన్ని చెరపడం లేదు. ఆ మనిషి మొహం చివరిసారి చూడలేదన్న బాధ నన్ను వదలదు, వదలాలని కూడా నాకు లేదు.

చాప మీద కొంచెం జరిగి చోటిచ్చింది. పక్కన కూర్చున్నాను. పక్కింటివాళ్ళు వండి తెచ్చిన అన్నం తినలేదని ఎవరో అంటే, ఈమె తింటే తింటాను అంది. రెండు ముద్దలు తిన్నాం. ఆఖరి బస్సు టైమైంది. మావైపు చావు జరిగిన ఇంటికి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పరు. చెప్పకూడదు. మాట లేకుండా లేచి, వెనక్కి చూడకుండా నడిచిపోవాలి. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరూ అలాగే పోయారు. నేనూ లేచి చెప్పులవైపు తిరిగాను.

ఆవిడ నా చున్నీ కొస పట్టుకుంది.

"చెప్పి పో" అంది.

గోడల పక్కన కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తారు. ఒక పెద్దావిడ, వద్దమ్మా, అట్లా చెప్పకూడదు అంది. అమ్మగారు ఆవిడ వైపు చూడలేదు. కొస వదల్లేదు. "పొద్దున ఆయన చెప్పకుండా పోయాడు. నువ్వు చెప్పి పో."

వెళ్ళొస్తానమ్మా అన్నాను. అందరికీ వినపడేటట్టు మళ్ళీ అన్నాను. వెళ్ళొస్తాను.

అప్పుడు వదిలింది.